కుప్పుసామి చేతి వాపు

కుప్పుసామి కుడిచేయి మణికట్టు పైన కోడిగుడ్డంత వాపు లేచింది. శుక్రవారం తెల్లవారినప్పటి నుంచి దాన్ని చూడడానికి వీధి వీధంతా కదిలి వస్తోంది. పరామర్శకనుకుని కోకిల మొదట వచ్చినవాళ్లకు చాప వేసింది, మజ్జిగ ఇచ్చింది. అయిదో మనిషి వచ్చేసరికి ఆమెకు సంగతి అర్థమైంది. వాళ్లంతా వస్తున్నది తన తండ్రిని అభినందించడానికి.

"ఏ కర్ర మామా? బెంగుళూరు కప్పు తెచ్చిన కర్రేనా?" అని ఇస్త్రీ బండి తంగరాజ్ వంగి చూశాడు.

"అదే," అన్నాడు కుప్పుసామి, పసుపూ సున్నం పట్టు వేసిన చేతిని వెలుతురు వైపు తిప్పుతూ. "మొనంతా ఇనుము. వేరే కర్రయితే ఇంత వాయదు."

"ముట్టుకోనా?"

"మెల్లింగా."

తంగరాజ్ రెండు వేళ్లతో వాపును తాకాడు. ఆ వేళ్లను కళ్లకద్దుకోలేదు గానీ, అద్దుకున్నంత పని చేశాడు. కోకిల చాప చుట్టేసి లోపల పెట్టింది.

కొట్టినవాడు ఆమె మొగుడు ఆదికేశవులు.

సైదాపేట అవతల కాలవ గట్టును ఆనుకుని ఉన్న ఆ తెలుగు వీధిలో రెండు తరాలుగా మగవాళ్లది ఒకటే పని. పక్కనున్న గోల్ఫు క్లబ్బులో ఆడేవాళ్ల వెనక కర్రల సంచి మోయడం. దొరలు ఓడెక్కి వెళ్లిపోయి ఏడెనిమిదేళ్లయింది. ఇప్పుడు జడ్జీలూ, లాయర్లూ, కంపెనీ మేనేజర్లూ ఆడుతున్నారు. సంచులు మాత్రం ఆ వీధి భుజాల మీదే ఉన్నాయి. ఆదికేశవులు కూడా తొమ్మిదో ఏట సంచి ఎత్తుకున్నవాడే. వాడి చేతివాటం చూసి కుప్పుసామి ముచ్చటపడి, ఎలా నిలబడాలో, కర్ర ఎలా పట్టాలో నేర్పాడు. తర్వాత కూతుర్ని ఇచ్చాడు. ఇప్పుడు ఆదికేశవులు క్లబ్బులో జీతం మీద పెద్దమనుషులకు ఆట నేర్పుతాడు. ఊరూరా పందేలకు వెళ్లి ఆడతాడు. ఇంగ్లీషు పేపర్లో పేరు పడ్డవాడు ఆ వీధిలో అతనొక్కడే. అతని సంచి కుప్పుసామి మోస్తాడు. పిల్లనిచ్చిన మామ అల్లుడి సంచి మోయడమేమిటని ఎవరూ అనుకోలేదు. ఆ సంచి తమకు దొరకలేదే అన్నదే వీధిలో సగం మంది బాధ.

ఆదికేశవులుకు కోపం ఎక్కువ. కలకత్తాలో ఒక కర్రను చెరువులో పారేశాడు. ఊటీలో ఒకదాన్ని మోకాలికేసి విరిచాడు. బెంగుళూరులో ఫోటో తీయబోయినవాడి టోపీ లాగి కాలికింద తొక్కాడు. ఈ కథలు వీధిలో పిల్లలకు కూడా నోటికొచ్చు. అతను ఏ ఏడు ఏ కప్పు గెలిచాడో అడిగితే తడుముకుంటారు గానీ, ఏ కర్ర ఎక్కడ విరిచాడో మాత్రం తడుముకోకుండా చెబుతారు. ఊటీలో విరిగిన ముక్క మారిముత్తు టీకొట్టు గోడకు వేలాడుతుంది. శుక్రవారం శుక్రవారం దానికి మూర మల్లెపూలు.

గురువారం ఆట చివర్లో బంతి పడాల్సిన గుంత నాలుగడుగుల దూరంలో ఉంది. నాలుగడుగుల నుంచి ఆదికేశవులు కళ్లు మూసుకుని వేస్తాడు. కళ్లు తెరుచుకుని వేశాడు, తప్పింది. బంతి గుంత అంచు చుట్టి బయటికొచ్చి కూర్చుంది. అతను గిరుక్కున తిరిగి, "నీ నీడ పడిందిరా ముసలి పీనుగా!" అని అరిచి చేతిలో కర్ర విసిరాడు. అది కుప్పుసామి చేతికి తగిలి, ఎగిరి, గొడుగు కింద కూర్చుని చూస్తున్న జడ్జిగారి భార్య ముందు పడింది. ఆమె కప్పులోని కాఫీ పట్టుచీర మీద ఒలికింది. అప్పుడు సరిగ్గా మిట్టమధ్యాహ్నం. కుప్పుసామి నీడ కుప్పుసామి పాదాల కిందే ఉంది.

ఆ పక్క గుంతలోనే ఆదికేశవులు ఆట గెలిచేశాడు. ఆదివారం ఫైనలు.

కంచె అవతల గట్టు మీద నిలబడి వీధి ఆడవాళ్లతో పాటు కోకిల ఇదంతా చూసింది. ఆమె పక్కన మునియక్క ఉంది. ఆడి మాసం ఉత్సవంలో అమ్మవారి కరగం కుండ తలకెత్తుకునేది మునియక్కే. వీధిలో ఎవరి ఒంటి మీదికి సామి వచ్చినా, అది నిజం సామా, కల్లు సామా అని తేల్చేదీ ఆమే.

"చూసినావా మే?" అంది మునియక్క, కోకిల భుజం గట్టిగా పట్టుకుని. "ఒళ్లంతా వణికిపోలా? కండ్లు ఎర్రంగా తిరగలా? ముందు నిలబడింది మామ అని గుర్తు లేకపోయె. అది మనిషి కోపం కాదు. సామి."

చుట్టూ ఉన్నవాళ్లు లెంపలేసుకున్నారు. ఇన్నాళ్లూ తెలుసుకోలేకపోయామే అని నొచ్చుకున్నారు కూడా.

కోకిలకు పెళ్లయి పదేళ్లు. ఈ సామి సంగతి ఆమెకు తెలిసినంతగా మునియక్కకు తెలియదు. బంతి గుంతలో పడితే ఈ సామి రాదు, తప్పితేనే వస్తుంది. ఇంట్లో ఒక్కనాడూ రాలేదు. రసంలో ఉప్పెక్కువైనా ఆదికేశవులు గమ్మున తాగి లేస్తాడు. జడ్జిగారు ఆట నేర్చుకుంటూ బంతిని వదిలేసి నేలను తవ్వితే, "బ్యూటిఫుల్ సార్" అంటాడు. సంచి మోసేవాడి ముందే వస్తుందంటే ఆ సామికి మనుషుల్ని చూసి మసులుకోవడం బాగా తెలిసి ఉండాలి.

ఆమెకు కావలసింది పెద్దదేమీ కాదు. తన తండ్రికి అతను ఒక్క మాట చెప్పాలి. తప్పయింది అని.

శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరికీ అన్నం పెడుతూ అడిగింది. కుప్పుసామి ఎడమచేత్తో, చెంచాతో తింటున్నాడు.

"నాయినకి ఒక మాట చెప్పకూడదా?"

"ఏం మాట?" అన్నాడు ఆదికేశవులు.

"తప్పయిందని."

అతను ముద్ద కలుపుతూ మామ వైపు చూశాడు. "మామేమీ అనుకోలేదే. అనుకున్నావా మామా?"

"నేనెందుకనుకుంటా?" అన్నాడు కుప్పుసామి. "ఏమ్మే, నీకేమన్నా పిచ్చా? ఆదివారం ఆడాల్సినోడు. వాడి మనసు చెడగొట్టబాక. నేను గదా వాడి ఎదురుగ్గా నిలబడింది? ఒక అడుగు పక్కకు పోయుంటే కర్ర దానిపాటికి పోయుండు."

"విన్నావా?" అన్నాడు ఆదికేశవులు, ఊపిరి పీల్చుకుని. "కొంచెం రసం పొయ్యి."

సాయంత్రం క్లబ్బు నుంచి జాబు వచ్చింది. సెక్రటరీ కోదండరాం గారు టైపు చేయించి, కింద సంతకం చేసి పంపారు. ఇంగ్లీషు చదవగలిగిన మారిముత్తు కొడుకు చదివి చెప్పి పోయాడు. ఆడవాళ్ల సమక్షంలో కర్ర విసరడం క్లబ్బు మర్యాదకు భంగమనీ, ఆదివారం ఆటకు ముందే జడ్జిగారి భార్యకు స్వయంగా క్షమాపణ చెప్పుకోవాలనీ, గొప్ప ఆటగాళ్లకు ఆవేశం సహజమని కమిటీ గుర్తించిందనీ అందులో ఉంది. సంచి మోసేవాడి చేయి సంగతి లేదు. సంచి మోసేవాడి చేయి గురించి క్లబ్బు నిబంధనల పుస్తకంలో ఏమీ రాసిలేదని తర్వాత తెలిసింది.

ఆదికేశవులుకు చెమటలు పట్టాయి. ఇంగ్లీషులో అతనికి ఆట వరకే వచ్చు.

"దానికేముంది, నేను చెప్పిస్తా," అని కుప్పుసామి లేచాడు. ముప్పై ఏళ్లు దొరల వెనక నడిచి, వాళ్లు ఒకరికొకరు చెప్పుకున్న క్షమాపణలన్నీ విన్నవాడు ఆయన. ముక్కాలి పీట మధ్యగదిలో వేయించుకుని, కండువా భుజం చుట్టూ కొంగులా కప్పుకుని, వాచిన చేయి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "నేను జడ్జమ్మను. నువ్వు వాకిట్లోంచి రా. టోపీ తియ్యి."

ఆదికేశవులు వాకిట్లోంచి వచ్చి, టోపీ తీసి, నడుం వంచి, "ఐ యామ్ వెరీ సారీ మేడమ్," అన్నాడు.

"వెరీ అనబాక. దొరలట్ట అనరు. ఆఫుల్లీ సారీ అంటారు. ఆ... ఫుల్లీ."

"ఆఫుల్లీ సారీ మేడమ్."

"మొకంలో బాధ ఏదీ? ఎవురికో చెప్పినట్టు చెప్తుండావే. నా కండ్లలోకి చూసి చెప్పు."

అతను కుప్పుసామి కళ్లలోకి చూసి, చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి మళ్లీ చెప్పాడు. ఈసారి నిజంగానే బాధ పలికింది. కుప్పుసామి జడ్జమ్మలా తల ఊపి, "నెవర్ మైండ్," అని ఎడమచేయి ఎత్తి దీవించాడు. అలా పదకొండుసార్లు.

వంటింటి గడపలో నిలబడి కోకిల పదకొండుసార్లూ చూసింది. దెబ్బ తిన్న మనిషి ఎదురుగా కూర్చుంటే, అతని కళ్లలోకే చూస్తూ, కాఫీ ఒలికినావిడకు క్షమాపణ చెబుతున్నాడు! పైగా ఆ మనిషే నేర్పుతున్నాడు. ఆమెకు ముందు నవ్వొచ్చింది. తర్వాత పొయ్యిలో కట్టె ఎగదోస్తూ ఉంటే ఏడుపొచ్చింది. అది కూడా అయిపోయాక కొంగుతో మొహం తుడుచుకుని మునియక్క ఇంటికి వెళ్లింది.

"నువ్వు చెప్పిందే సరక్కా. సామే," అంది.

"నేనెప్పుడన్నా తప్పు చెప్పినానా?"

"సామి ఉన్న ఒళ్లంటే మరి నియమం ఉండద్దా? ఆయన చూస్తే నిన్ననే చాప పులుసు తిన్నాడు. సిగరెట్టు తాగతాడు. ఏమన్నా అయితే ఎవురిది బాధ్యత?"

మునియక్క గుండె మీద చేయి వేసుకుంది. చేప పులుసు సంగతి ఆమెకు తట్టనే లేదు.

శనివారం పొద్దున ఆదికేశవులు జడ్జిగారింటికి వెళ్లి, ఒక బిస్కట్ల డబ్బాతో తిరిగొచ్చాడు. జడ్జమ్మ అతన్ని రెండు ముక్కలు కూడా పూర్తి చేయనివ్వలేదట. కళాకారుడికి ఆ మాత్రం ఆవేశం లేకపోతే ఎలా అందట. ఆ చీరను ఉతికించకుండా అలాగే దాచిందట. ఆదివారం ఏ గుంత దగ్గర కుర్చీ వేయించుకుంటే బాగా కనబడుతుందని అడిగిందట.

ఆ సంతోషంలో టీకొట్టుకు వెళ్లి సిగరెట్టు అడిగితే మారిముత్తు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇవ్వలేనన్నా. సామి ఉన్న ఒళ్లు."

"ఏ సామిరా?"

"నీకు తెలీదన్నా, ఒంటి మీదికి వచ్చినోళ్లకు తెలీదు."

ఇంటికొస్తే కంచంలో పెరుగూ అన్నం, వేపపూత చారు. తన చాప వసారాలోకి మారింది. పసుపు పంచె ఒకటి మునియక్క పంపింది. తెల్లవారుజామున చన్నీళ్లట, రేపు ఆట అయ్యేదాకా గడప లోపలికి చెప్పులు కూడదట.

"నాకు సామీ లేదు గీమీ లేదు!" అన్నాడు ఆదికేశవులు.

"అయితే ఏముంది?" అంది కోకిల.

అతను కంచాన్ని పక్కకు నెట్టాడు.

"సామి కాకుంటే ఇంకేమిటో వీధిలోకి పోయి చెప్పు. నేనే అందరికీ వినబడేట్టు పిలుస్తా. కర్ర విసిరింది సామి కాదు, నేనే అని చెప్పు. చాప పులుసు చేసి పెడతా."

ఆదికేశవులు వసారాలో చాప మీద కూర్చుని కంచం దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత పెరుగన్నం తిన్నాడు.

ఆదివారం పొద్దున వీధంతా వాకిట్లో చేరింది. సామి వచ్చిన మనిషి మళ్లీ జనంలోకి వెళ్లే ముందు, సామి చేతిలో దెబ్బ తిన్నవాళ్ల కాళ్ల మీద పడి విభూతి పెట్టించుకోవాలి. ఆడి మాసం ఉత్సవంలో మునియక్క కూడా ఏటా అదే చేస్తుంది. దీనికోసమే కోకిల రెండు రోజులుగా కాచుకుని ఉంది. పసుపు పంచెతో, తడి జుట్టుతో ఆదికేశవులు వచ్చి కుప్పుసామి ముందు సాష్టాంగపడ్డాడు. కుప్పుసామి కంగారుపడిపోయాడు. వాచిన చేత్తోనే విభూతి తీసి అల్లుడి నొసట పెడుతుంటే సగం కళ్లలో రాలింది.

లేచాక, కళ్లు నులుముకుంటూ అతను కోకిల పక్కకొచ్చి మెల్లిగా, "ఇప్పుడు సరేనా?" అన్నాడు.

"నువ్వు మొక్కింది ఎవురికి?"

"మునియక్క మొక్కమనింది, మొక్కినా."

రెండు రోజుల ప్రయాస గంగలో కలిసిందని ఆమెకు తెలిసిపోయింది.

ఆట చూడడానికి ఎప్పుడూ లేనంత మంది వచ్చారు. గట్టు మీద ఆడవాళ్లు వేపమండలు పట్టుకుని నిలబడ్డారు. పళ్లెంలో కర్పూరం, చెంబులో పసుపు నీళ్లు. కంచె లోపల గొడుగుల కింద పెద్దమనుషుల భార్యలు పాత చీరలు కట్టుకుని కూర్చున్నారు. ఫైనల్లో అతని మీద ఆడుతున్నవాడు మైసూరు నుంచి వచ్చిన రామసామి అనే సన్నటి కుర్రాడు. గెలిచినా ఓడినా టోపీ తీసి దండం పెడతాడు. తన సంచి మోసేవాణ్ని అన్నా అని పిలుస్తాడు. వాడికి అభిమాని అన్నవాడు ఒక్కడూ లేడు. వాడి పేరు కూడా ఎవరూ సరిగ్గా కనుక్కోలేదు.

కుప్పుసామి ఎడమ భుజానికి సంచి తగిలించుకున్నాడు. వద్దన్నా వినలేదు.

అయిదో గుంత దగ్గర ఆదికేశవులు బంతి జానెడు దూరంలో తప్పింది. అతని మెడ నరాలు ఉబ్బాయి. కర్ర పైకి లేచింది. అంతే, గట్టు మీద ఆడవాళ్లు ఒక్కసారిగా నాలుకలాడిస్తూ కులవ పెట్టారు. మునియక్క కర్పూరం వెలిగించింది. జడ్జమ్మ ముచ్చటపడి కుర్చీని ముందుకు లాక్కుంది. కుప్పుసామి కదలకుండా, అల్లుడికి సరిగ్గా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

ఆదికేశవులు ఆ ముసలాయన్ను చూశాడు. సంచి బరువుకు ఒక పక్కకు ఒరిగిపోయిన ఎడమ భుజం, పొట్ట మీదికి మడిచి పెట్టుకున్న కుడిచేయి, దెబ్బ కోసం కాచుకున్న మొహం. ఎత్తిన కర్ర మెల్లిగా దిగింది. అతను దాన్ని తనే సంచిలో పెట్టాడు.

ఆ తర్వాత నాలుగు బంతులు తప్పాయి. నాలుగుసార్లూ కులవ లేచింది, నాలుగుసార్లూ అతను తల వంచుకుని పక్క గుంతకు నడిచాడు. పన్నెండో గుంత దగ్గరికి వచ్చేసరికి గొడుగుల కింద ఆవలింతలు మొదలయ్యాయి. పదిహేడో గుంతలో ఆట ముగిసింది. రామసామి టోపీ తీసి దండం పెట్టి, కప్పు తీసుకుని, రైలుకు టైమైందని వెళ్లిపోయాడు. చప్పట్లు కొట్టింది గట్టు మీద కోకిల ఒక్కతే. ఎవరికి కొట్టిందో ఎవరూ అడగలేదు.

వాళ్లు ఇంటికి చేరేసరికి వాకిట్లో పంచాయితీ కూర్చుని ఉంది.

"ఎట్టుండే మనిషి ఎట్టయిపోయినాడు!" అన్నాడు తంగరాజ్. "మేస్త్రీకి భయపడే కూలోడి మాదిరి తల దించుకుని పోతాడా? చూడలేకపోతిమి."

"నియమం తొందరపడి పెట్టేసినారు," అంది మునియక్క, తన పేరు రాకుండా. "పొద్దున్నే మొక్కించేసరికి సామి దిగిపోయె. కోకిలా, నువ్వు గదా నా దగ్గరికి పరిగెత్తుకొని వచ్చింది? పళ్లెంలో టెంకాయ పెట్టుకుని నీ మొగుడి ముందు మొక్కి తప్పయిందని చెప్పు. మళ్లీ వస్తింది."

కోకిల తండ్రి వైపు చూసింది.

"చెప్పు మే," అన్నాడు కుప్పుసామి. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ఒక మాటలో ఏం పోయింది? వాడు ఓడిపోయినాడు, కనబడలా?"

ఎవరో అప్పుడే పళ్లెం కోకిల చేతిలో పెట్టారు. టెంకాయ దొర్లి పళ్లెం అంచుకు తగిలింది.

"ఆ పళ్లెం ఇట్టియ్యి," అన్నాడు ఆదికేశవులు.

తనే మోసుకొచ్చిన సంచి కింద పెట్టి, పళ్లెం ఆమె చేతిలోంచి తీసుకుని అరుగు మీద పెట్టాడు. తర్వాత మామ వైపు తిరిగాడు. ఈసారి టోపీ లేదు, నడుం వంచలేదు.

"అది సామి కాదు మామా. నా కోపం. బంతి నేను తప్పినా, నిన్ను కొట్టినా. జడ్జిగారు నిలబడుంటే విసిరుండను. నువ్వు కాబట్టి విసిరినా. తప్పు నాది."

కోకిల తండ్రి మొహం చూసింది. మూడు రోజులుగా ఆమె ఎదురుచూసిన మాట, అడిగినదానికంటే నాలుగు మాటలు ఎక్కువగానే వచ్చింది.

ముందు తేరుకున్నది మునియక్క. "చూసినారా ఎంత అణకువో!" అంది చేతులు జోడించి. "కప్పు పోయిన రోజు ఇట్ట మాట్లాడేది మనిషి తరమా? సామి దిగలా. శాంతించింది, అంతే."

జనంలో గుసగుస పాకింది. తంగరాజ్ లెంపలేసుకున్నాడు. కుప్పుసామి పొంగిపోయి, ఎడమచేత్తో అల్లుడి భుజం తట్టి చుట్టూ చూశాడు.

"విన్నారా ఏమన్నాడో? నా అంతటోడికి చెప్పాల్సిన పనేముంది వాడికి? అయినా చెప్పినాడు. గొప్పోడంటే అదీ!" అన్నాడు. ఆ వెంటనే అల్లుడి చెవి దగ్గరికి వంగి, అందరికీ వినబడేంత మెల్లిగా, "తప్పూ గిప్పూ అనబాక అబ్బోడా. నీడ పడిందనే అనుకుందాం. వచ్చే నెల కోయంబత్తూరు పందెం ఉంది, మనసులో ఏమీ పెట్టుకోబాక," అన్నాడు.

ఆదికేశవులు నిస్సహాయంగా కోకిల వైపు చూశాడు.

"నేను చెప్పినా గదా?" అన్నాడు.

"చెప్పినావు. నాకు వినబడింది," అంది కోకిల.

ఆమె లోపలికి వెళ్లి పొయ్యి మీద నీళ్లు పెట్టింది. కాస్సేపటికి అతను కూడా వచ్చి గడప మీద కూర్చున్నాడు. వాకిట్లో ఎవరో కొత్తగా వచ్చినట్టున్నారు. కుప్పుసామి మొదటి నుంచి చెబుతున్నాడు, గురువారం మధ్యాహ్నం ఎండ ఎంత తీవ్రంగా ఉందో, తన నీడ ఎంత పొడుగ్గా పడిందో.